కీళ్ళ అరుగుదల: ఎముక కణాల పాత్ర తెలిసిన విధము

మా వీధిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయులు ఉన్నారు. ఉన్నత పాఠశాలలో నాకు లెక్కలు చెప్పినవారు. ముప్పది ఏండ్లకు పైగా నల్లబల్ల ముందు నిలుచుండి పాఠము చెప్పిన మనిషి. రెండేండ్ల క్రిందట ఆయనకు మోకాళ్ళ నొప్పి పట్టుకొన్నది. ఎక్స్ కిరణాల చిత్రము తీయించిన పిమ్మట, "గుజ్జు అరిగిపోయినది" అన్న మాట ఆయన చెవిన పడినది. ఆనాటినుండి తెల్లవారుజామున నడకకు వెళ్ళడము మానివేసినారు. నేను పలుకరించబోతే, "ఏమోయ్, ఇరుసు అరిగిన బండిని ఇంకా తోలితే ఏమవుతుంది? మిగిలినదానిని పొదుపుగా వాడుకొంటున్నాను" అన్నారు.

లెక్కల మాస్టారి తర్కములో దోషము లేదు. మోకాలు బండి ఇరుసు వంటిదే అయితే, దానిని ఎంత తక్కువ త్రిప్పితే అంత మేలు. కాని మోకాలు నిజముగా ఇరుసు వంటిదేనా? ఈ ఉపమానము ఆయన ఒక్కరిది కాదు. చాలకాలము వైద్యశాస్త్రము కూడ కీళ్ళ వ్యాధిని ఆ దృష్టితోనే చూచినది. ఆ దృష్టి ఎట్లు ఏర్పడినదో, ఎవరెవరి ప్రయోగాల వలన మారినదో చెప్పడమే ఈ వ్యాసము ఉద్దేశము. ఇది పుస్తకాలలో నిలిచిపోవలసిన చరిత్ర కాదు. ఆస్టియో ఆర్థ్రైటిస్ అను ఈ కీళ్ళ వ్యాధితో 2019లో ప్రపంచమున సుమారు 52 కోట్ల 80 లక్షల మంది బాధపడుచుండిరని అంచనా. మన ఇండ్లలో పెద్దవారు నడవవలెనా, కూర్చుండవలెనా అన్న ప్రశ్న ఈ చరిత్రతో ముడిపడి ఉన్నది.

కీలు నిర్మాణము

రెండు ఎముకలు కలిసే చోటు కీలు. మోకాలి వంటి కదిలే కీలులో ఎముకల కొనలను నున్నని తెల్లని పొర ఒకటి కప్పి ఉంచును. దీనిని మృదులాస్థి అంటారు. వాడుకలో గుజ్జు అని చెప్పుకొనేది దీనినే. మోకాలిలో దీని మందము సాధారణముగా రెండు నుండి నాలుగు మిల్లీమీటర్లు. దీని బరువులో మూడింట రెండు వంతులకు పైగా నీరే. కొల్లాజెన్ దారాలతో అల్లిన వలలో, నీటిని పట్టి ఉంచే పెద్ద అణువులు చిక్కుకొని ఉండును. కాలు మోపినప్పుడు ఆ నీరు ఒత్తిడిని మోయును. కాలు ఎత్తినప్పుడు పొర మరల ఉబ్బును.

ఈ పొరలో రక్తనాళాలు లేవు, నరాలు లేవు. ఇందు జీవకణాలు బహు కొద్ది. వాటికి ఆహారము ముఖ్యముగా కీలులోని జిగట ద్రవము నుండి ఊరి రావలసినదే. మృదులాస్థి అడుగున సున్నముతో గట్టిపడిన పలుచని పొర ఒకటి, దాని క్రింద ఎముక ఉన్నవి. ఆ ఎముకలో రక్తము పుష్కలము, నరాలు కలవు, జీవకణాలు కలవు. ఉపాధ్యాయులు తరగతిలో మేక కాలి ఎముక కొనను నిలువున కోయించి చూపితే విద్యార్థులకు ఈ తేడా వెంటనే తెలియును. పైన నీలి ఛాయగల తెల్లని పొర. క్రింద ఎర్రని, తేనెపట్టు వంటి ఎముక.

హంటర్ చూచిన మృదులాస్థి

1743లో లండను రాయల్ సొసైటీలో విలియం హంటర్ కీళ్ళ మృదులాస్థి నిర్మాణమును, దాని వ్యాధులను గురించి ఒక వ్యాసము చదివినాడు. అప్పటికి అతనికి ఇరువది అయిదేండ్లు. స్కాట్లండులో పుట్టి, లండనులో శరీర నిర్మాణ శాస్త్రము నేర్చుచున్న యువకుడు. మృదులాస్థిలోని దారాలు ఎముకపై నిలువుగా, మఖమలు గుడ్డ నూగు వలె నిలిచి ఉండునని అతడు వర్ణించినాడు. పుండుపడిన మృదులాస్థి మహా చిక్కైన రోగమనియు, ఒకసారి నశించినది మరల పూడదనియు ప్రాచీన గ్రీకు వైద్యుడు హిప్పొక్రటీసు కాలమునుండి అందరును ఒప్పుకొన్నదేనని వ్రాసినాడు.

హంటర్ మాటలో సత్యమున్నది. పెద్దవారిలో దెబ్బతిన్న మృదులాస్థి తనంతట తాను పూర్వస్థితికి రాదు. కాని ఆ మాట ఒక అలవాటును కూడ ఏర్పరచినది. కీలు చెడినదంటే మృదులాస్థి చెడినదనియే అర్థము చేసికొన్నారు. దాని క్రింది ఎముకవైపు ఎవరి దృష్టియు అంతగా పోలేదు. పీఠము పగిలినదా అని ఎవరు చూతురు? విగ్రహమునే చూతురు.

సున్నపు సంచులు కావు, జీవకణాలు

ఎముకను ప్రాణము లేని చట్రముగా తలచడము నాటి వాడుక. అయినను దానిలో ఏవో దారులు ఉన్నవని సూక్ష్మదర్శిని వచ్చిన కొలదికాలములోనే తెలిసినది. 1691లో క్లాప్టన్ హావర్స్ అను ఆంగ్ల వైద్యుడు ఎముకలోని సన్నని కాలువలను వర్ణించినాడు. నేటికిని వాటిని హావర్స్ కాలువలనియే పిలుస్తున్నాము.

1834లో బ్రెస్లా నగరములో, పుర్కిన్యే అను ప్రసిద్ధ శాస్త్రజ్ఞుని శిష్యుడైన డ్యూచ్, ఎముకను పలుచగా చెక్కి చూచి, అందులో గోధుమగింజల వంటి చిన్న చిన్న ఆకారాలు వరుసలుగా ఉన్నవని వ్రాసినాడు. వాటినుండి వెంట్రుకల కంటె సన్నని తీగెలు నలువైపులకు పోవుచుండెను. జర్మను శాస్త్రజ్ఞుడు యోహానెస్ మ్యూలర్ ఇవి సున్నమును దాచుకొనే సంచులని భావించినాడు. పంతొమ్మిదవ శతాబ్ది నడుమకు వచ్చేసరికి అవి జీవకణాలు ఉండే గూళ్ళని తేలినది. ఈ కణాలకు ఆస్టియోసైట్లు అని పేరు. ఎముకను కట్టే కణాలు తాము కట్టిన గోడలోనే చిక్కుకొని ఆస్టియోసైట్లుగా మారును. తాపీపనివాడు తాను కట్టిన గదిలోనే కాపురముండిపోయినట్లు ఇవి ఎముకలోనే ఉండిపోవును.

కాని ఆ గదిలో అతడు చేయు పని ఏమిటో దాదాపు నూట ఏబది యేండ్లు తెలియలేదు. ఎముకను కట్టే కణాలు, తొలిచే కణాలు పనిచేయుచుండగా కనిపించును. ఆస్టియోసైట్లు కదలక మెదలక ఉండును. పని చేయనివానిని ఎవరు లెక్కింతురు? ఎముకలోని కణాలలో నూటికి తొంబదికి పైగా ఇవే అయినను, పాఠ్యగ్రంథాలలో వీటికి రెండు మూడు వాక్యాలకు మించి చోటు దొరకలేదు.

ఈలోగా మరొక దిక్కునుండి ఒక ఆలోచన వచ్చినది. 1866లో జూరిచ్ నగరములో హెర్మన్ మేయర్ అను శరీర శాస్త్రజ్ఞుడు తొడ ఎముక తలను నిలువున కోసి చూపగా, వంతెనలు, క్రేనులు లెక్కకట్టే ఇంజనీరు కార్ల్ కుల్మన్ దానిని చూచినాడు. బరువులెత్తే క్రేనులో బలము ప్రసరించే గీతలకును, ఎముకలోని సన్నని కమ్ముల వరుసలకును పోలిక కనిపించినది. దీనిని ఆధారముగా చేసికొని బెర్లినులోని యూలియస్ వోల్ఫ్ 1892లో ఒక గ్రంథము ప్రకటించినాడు. ఎముకపై పడే భారము మారితే, దానికి తగినట్లు ఎముక నిర్మాణమును మారునని అతని సిద్ధాంతము. వివరాలలో సవరణలు వచ్చినవి గాని, సారాంశము నిలిచినది. అయితే ఒక ప్రశ్న మిగిలినది: భారము మారినదని ఎముకకు ఎవరు చెప్పుదురు?

ఎక్స్ కిరణాల కాలము

1895లో రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దములో ఆ చిత్రాల సాయముతో వైద్యులు అంతవరకు ఒకే మూటగా ఉన్న కీళ్ళ రోగాలను రెండు ముఖ్య జాతులుగా విడదీసినారు. ఒకటి శరీరపు రక్షణ వ్యవస్థ తన కీళ్ళపైననే తిరుగబడే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్. రెండవది వయస్సుతో పెరిగే ఆస్టియో ఆర్థ్రైటిస్. 1957లో కెల్‌గ్రెన్, లారెన్స్ అను ఇద్దరు ఇంగ్లీషు వైద్యులు ఈ రెండవ వ్యాధి తీవ్రతను సున్న నుండి నాలుగు వరకు అంతస్తులుగా లెక్కించే పద్ధతి ఏర్పరచినారు. నేటికిని అది వాడుకలో ఉన్నది.

ఇక్కడ చదువరులు ఒక సంగతి గమనింపవలెను. ఎక్స్ కిరణాల చిత్రములో మృదులాస్థి కనిపించదు. కనిపించేది ఎముక మాత్రమే. రెండు ఎముకల నడుమ ఖాళీ తగ్గినది కనుక, అక్కడ ఉండవలసిన మృదులాస్థి పలుచబడినదని వైద్యుడు ఊహించును. అదే చిత్రములో కీలు అంచున ఎముక మొటికలు మొలుచుట, మృదులాస్థి క్రింద ఎముక తెల్లగా దట్టమగుట స్పష్టముగా కనిపించును. అంటే కంటికి కనిపించిన మార్పులన్నియు ఎముకలోనివి. రోగము మాత్రము కనిపించని మృదులాస్థిదని చెప్పుకొన్నారు. ఎముకలోని మార్పులను తరువాత వచ్చిన ఫలితాలుగా భావించినారు.

కుందేళ్ళ మీద ప్రయోగము

ఆ వరుసను తలక్రిందులు చేసి చూచినవాడు అమెరికాకు చెందిన శస్త్రవైద్యుడు ఎరిక్ రేడిన్. ఇతడు 1970 ప్రాంతములో బోస్టనులో ఇంజనీర్లతో కలిసి పనిచేసినాడు. మనము నడిచేటప్పుడు నేలనుండి వచ్చే దెబ్బను ఆపునది ఏది అని అతని ప్రశ్న. మృదులాస్థి మెత్తనిదే గాని మరీ పలుచన. దెబ్బలో ఎక్కువ భాగమును కండరాలు, క్రింది ఎముకలు మ్రింగునని కొలతలలో తేలినది. తరువాత కుందేళ్ళ కాళ్ళకు ప్రతిదినము కొంతసేపు తట్టుదెబ్బలు తగులునట్లు చేసి, కీళ్ళను పరీక్షించినారు. మృదులాస్థి చెడుటకు ముందే దాని క్రింది ఎముక బిరుసెక్కుట కనిపించినది.

దీనిని సులభముగా ఊహించుకొనవచ్చు. ఒక రబ్బరు ముక్కను నులకమంచము మీద ఉంచి సుత్తితో కొట్టండి. అదే ముక్కను బండరాతి మీద ఉంచి అదే బలముతో కొట్టండి. ముక్క ఒకటే, సుత్తి ఒకటే. రెండవసారి ముక్క త్వరగా చితుకును. 1972లోను, తరువాత 1986లోను ప్రకటించిన వ్యాసాలలో రేడిన్, అతని సహచరులు ఈ వాదమును వివరించినారు. మృదులాస్థి ఆరోగ్యము దాని పునాదిపై ఆధారపడునన్నది వారి అభిప్రాయము.

ఇది పెద్ద మలుపు. కాని రేడిన్ చూచిన ఎముకయు ప్రధానముగా ఒక పదార్థమే. మెత్తనిదా, బిరుసైనదా అన్నదే ప్రశ్న. అందులోని కణాలు ఇంకను రంగము మీదికి రాలేదు.

భారమును ఎరిగే కణము

1984లో రూబిన్, లాన్యన్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు కోడిపుంజుల రెక్క ఎముకపై ఒక ప్రయోగము ప్రకటించినారు. రెక్కలోని ఎముకను మామూలు భారము పడకుండా విడదీసి, కృత్రిమముగా కొలతప్రకారము భారము వేసినారు. ఏ భారమును లేని ఎముక క్షీణించినది. రోజుకు నాలుగుసార్లు భారము వేస్తే క్షీణింపక నిలిచినది. రోజుకు 36 సార్లు వేస్తే పెరిగినది. సంఖ్యను 360కి, 1800కు పెంచినను అంతకు మించి లాభము కలుగలేదు. ఎముక రాయి అయితే ఎక్కువ సార్లు నొక్కితే ఎక్కువ అరుగవలెను. ఇక్కడ కొద్దిపాటి భారమునకే అది పెరిగినది, చాలుననుకొన్నచోట ఆగినది. ఎవరో లెక్క వ్రాసుకొని నిర్ణయము చేయుచున్నట్లున్నది.

ఆ లెక్కగాడు ఆస్టియోసైటే కావచ్చునని అనుమానము బలపడినది. ఈ కణాల చేతులు సన్నని కాలువలగుండా ఒకదానినొకటి అందుకొని ఎముకంతటా వల వలె వ్యాపించి ఉన్నవి. 2015లో వేసిన ఒక అంచనా ప్రకారము వయస్సు వచ్చిన మనిషి అస్థిపంజరములో సుమారు 4,200 కోట్ల ఆస్టియోసైట్లు, వాటి నడుమ దాదాపు 23 లక్షల కోట్ల అనుసంధానాలు ఉన్నవి. 1994లో వైన్‌బామ్, కోవిన్, జెంగ్ అను ముగ్గురు ఒక గణిత వివరణ ఇచ్చినారు. ఎముకపై బరువు పడినప్పుడు అది కంటికి కనిపించనంత కొద్దిగా వంగును. తడిగుడ్డను పిండినట్లు, ఆ కాలువలలోని ద్రవము కదలును. ఆ ప్రవాహపు రాపిడిని కణము గుర్తించునని వారి ఊహ. మరుసటి సంవత్సరము ఆమ్‌స్టర్‌డామ్‌లో క్లైన్ నూలెండ్ బృందము కోడిపిల్ల పుర్రె ఎముకనుండి తీసిన ఆస్టియోసైట్లపై ద్రవమును ప్రవహింపజేయగా, అవి ప్రోస్టాగ్లాండిన్ అను రసాయన సందేశమును విడుదల చేసినవి. ఎముకను కట్టే కణాలకంటె ఇవే చురుకుగా స్పందించినవి.

ఒక అరుదైన వ్యాధి ఇచ్చిన ఆధారము

సందేశము పంపునని తెలిసినది. ఏమని పంపును? ఇందుకు ఆధారము అనుకోని చోట దొరికినది. దక్షిణాఫ్రికాలో డచ్చి సంతతివారైన కొన్ని కుటుంబాలలో ఎముకలు మితిమీరి పెరిగే వ్యాధి ఒకటి ఉన్నది. దవడ, పుర్రె మందమెక్కి నరాలు నొక్కుకొనిపోవును. ఇటువంటిదే మరొక వ్యాధిని 1955లో హాలండులో వాన్ బుకెమ్ అను వైద్యుడు వర్ణించినాడు. 2001లో ఈ వ్యాధికి మూలమైన జన్యువు దొరికినది. ఆరోగ్యవంతులలో ఆ జన్యువు తయారుచేయించే ప్రోటీనుకు స్క్లిరోస్టిన్ అని పేరు. ఇది ఎముకను కట్టే కణాలకు "చాలు, ఆపు" అని చెప్పే సందేశము. దీనిని పంపునది ముఖ్యముగా ఆస్టియోసైట్లే అని కొద్ది సంవత్సరాలలోనే తేలినది.

2008లో రాబ్లింగ్, అతని సహచరులు ఎలుకల ముంగాలి ఎముకపై భారము వేసినప్పుడు స్క్లిరోస్టిన్ తగ్గుటను, భారము తొలగినచోట దాని జన్యువు ఎక్కువ పనిచేయుటను చూపినారు. భారము పడినచోట "ఆపు" అన్న మాట మెల్లబడును. అక్కడ ఎముక బలపడును. వోల్ఫ్ విడిచిన ప్రశ్నకు నూరేండ్లు దాటిన తరువాత దొరికిన సమాధానములో ఇది ముఖ్యభాగము. స్క్లిరోస్టిన్‌ను అడ్డుకొనే మందునకు 2019లో జపానులోను, అమెరికాలోను అనుమతి లభించినది. అది ఎముకలు గుల్లబారే వ్యాధికి ఇచ్చే మందు. కీళ్ళ వ్యాధికి కాదు.

2011లో రెండు బృందాలు వేరువేరుగా మరొక సంగతి నిరూపించినవి. ఎముకను తొలిచే కణాలను పుట్టించే సందేశమును కూడ పెద్ద భాగము ఆస్టియోసైట్లే పంపును. కట్టుడు, తొలుచుడు రెండింటి పగ్గాలును ఈ కదలని కణాల చేతిలోనే ఉన్నవన్నమాట.

సందేశము మృదులాస్థికి చేరునా?

ఇంతవరకు ఎముక తనలో తాను మాటలాడుకొనే సంగతి. ఈ మాటలు పైనున్న మృదులాస్థికి వినిపించునా? 1997లో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరములో వెస్టకాట్ బృందము ఒక సూటియైన ప్రయోగము చేసినది. ఆస్టియో ఆర్థ్రైటిస్ ఉన్నవారి ఎముకనుండి కణాలు తీసి, గాజుపాత్రలో మృదులాస్థి ముక్కల ప్రక్కన పెంచినారు. కొందరు రోగుల ఎముక కణాల సమక్షములో ఆ మృదులాస్థి, నీటిని పట్టి ఉంచే తన అణువులను ఎక్కువగా పోగొట్టుకొన్నది. ఆరోగ్యవంతుల ఎముక కణాలు అట్లు చేయలేదు. ఇక్కడ నడక లేదు, బరువు లేదు, రాపిడి లేదు. కణాలు విడిచిన రసాయనాలే ఆ పని చేసినవి. కీళ్ళ వ్యాధి కేవలము అరుగుదల కాదనుటకు ఇంతకంటె తేటయైన సాక్ష్యము అరుదు.

గాజుపాత్రలో సరే, శరీరములో నడుమ సున్నపు పొర అడ్డు ఉన్నది కదా అని ఆక్షేపణ వచ్చినది. 2008, 2009 సంవత్సరాలలో జరిగిన కొలతలలో చిన్న అణువులు ఆ పొరగుండా ఊరిపోగలవని తెలిసినది. వ్యాధి ముదిరినప్పుడు రక్తనాళాలే ఎముకనుండి ఆ పొరను తొలుచుకొని పైకి వచ్చును. అప్పుడు దారి మరింత వెడల్పగును.

2013లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఎలుకల మోకాలిలో ఒక స్నాయువును కోసి, కీలు నిలుకడ తప్పించినారు. ఎముకను తొలిచే కణాలు చురుకై, ఎముకలో నిద్రించుచున్న టి.జి.ఎఫ్. బీటా అను వృద్ధికారకమును మేల్కొల్పినవి. అది మితిమీరినందున ఎముక తప్పుచోట, తప్పుతీరున పెరిగినది. దానిని ఎముకలో అడ్డగించినప్పుడు పైనున్న మృదులాస్థి క్షీణించుటయు తగ్గినది. చికిత్స చేసినది క్రింద. మేలు కలిగినది పైన.

2019లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో తమారా ఆలిస్టన్ బృందము ఆస్టియోసైట్లను సూటిగా పరీక్షించినది. ఈ కణాలు తమ గూటిగోడలను అప్పుడప్పుడు కొద్దిగా కరిగించి మరల కట్టుకొనుచు, కాలువలను బాగుచేసికొనుచుండును. ఇందుకు కావలసిన ఒక ఎంజైమును ఎలుకల ఆస్టియోసైట్లలో మాత్రము లేకుండ చేసినారు. మృదులాస్థి జోలికి పోలేదు. అయినను ఆ ఎలుకల కీళ్ళలో మృదులాస్థి చెడినది, క్రింది ఎముక దట్టమైనది. వ్యాధిగ్రస్తులైన మనుష్యుల మోకాలి ఎముకలోను ఆస్టియోసైట్ల కాలువల వల చిందరవందరగా ఉండుట వారు చూపినారు.

న్యాయముగా మరొక మాట చెప్పవలెను. మృదులాస్థియు ఎముకకు సందేశాలు పంపును. కీలు చుట్టునున్న పొర, కండరాలు, కొవ్వు కూడ ఇందులో పాత్రధారులే. రోగము ఎవరితో మొదలగునన్నది అందరిలో ఒకే తీరుగా ఉండకపోవచ్చు. దెబ్బతగిలిన ఆటగాని మోకాలికి ఒక దారి, స్థూలకాయుని మోకాలికి మరొక దారి. శాస్త్రజ్ఞులలో ఈ వాదము ముగియలేదు. కీలు అంతయు ఒక్క అవయవము వలె ఆరోగ్యముగా ఉండును, ఒక్క అవయవము వలె వ్యాధిపడును అన్నదే నేటి అభిప్రాయము.

నొప్పి ఎక్కడిది?

మృదులాస్థిలో నరాలు లేవని ముందే చెప్పుకొన్నాము. మరి నొప్పి ఎక్కడిది? అయస్కాంత శక్తితో శరీరములోపలి చిత్రాలు తీసే ఎం.ఆర్.ఐ. పద్ధతి వచ్చిన తరువాత దీనిపై కొంత వెలుగు ప్రసరించినది. 2001లో ఫెల్సన్ అను వైద్యుడు, అతని సహచరులు బోస్టనులో చేసిన పరిశీలనలో మోకాలి నొప్పి ఉన్నవారిలో నూటికి 77 మందికి మృదులాస్థి క్రింది ఎముకలో మచ్చల వంటి మార్పులు కనిపించినవి. ఎక్స్ కిరణాల చిత్రములో వ్యాధి ఉండియు నొప్పి లేనివారిలో అవి నూటికి 30 మందికే ఉన్నవి. నొప్పి జాడ ఎముకలోనే ఉన్నదని ఇది సూచించినది. 2019లో ఎలుకలపై జరిగిన మరొక పరిశోధనలో, ఎముకను తొలిచే కణాలు నెట్రిన్ అను సందేశముతో నరాల కొనలను మృదులాస్థి క్రింది ఎముకలోనికి పిలుచునని తేలినది.

మందుల అన్వేషణ

ఎముక కణాల సందేశమే మూలమైతే, ఆ సందేశమును ఆపితే రోగము నయము కావలెను కదా అని చదువరులు అడుగవచ్చు. వైద్యులును అదే ఆశించినారు. ఎముక తొలుచుటను ఆపే రిసెడ్రోనేట్ అను మందును దాదాపు 2,500 మంది మోకాలి రోగులపై పరీక్షించి 2006లో ఫలితాలు ప్రకటించినారు. నొప్పిలోను, కీలు ఖాళీ తగ్గుటలోను చెప్పుకోదగిన మేలు కలుగలేదు. అదే జాతికి చెందిన మరింత శక్తిగల జొలెడ్రోనిక్ ఆమ్లమును 223 మందిపై రెండేండ్లు పరీక్షించి 2020లో ప్రకటించిన ఫలితమును నిరాశే కలిగించినది.

సందేశమును గ్రహించుట వేరు, దానిని సరియైన వేళ, సరియైన చోట, సరియైన మోతాదులో సవరించుట వేరు. ఎలుకకు గాయమైన నాడే మందు ఇవ్వవచ్చును. మనిషి వైద్యునివద్దకు వచ్చేసరికి వ్యాధి ఎన్నో యేండ్లు సాగి ఉండును. పైగా మృదులాస్థి క్రింది ఎముక వ్యాధి తొలిదశలో ఎక్కువగా తొలుచుకొనిపోయి, తరువాత దట్టమగునని పలువురి అభిప్రాయము. ఒకే మందు రెండు దశలలోను పనికివచ్చునని ఆశింపరాదు. చెడిన మృదులాస్థిని పూర్వస్థితికి తేగల మందు నేటికిని లేదు. హంటర్ 1743లో చెప్పిన మాట ఆ మేరకు ఇంకను నిలిచియే ఉన్నది.

మాస్టారికి చెప్పిన మాట

అయినచో ఇంత చరిత్ర వలన మనకు కలిగిన లాభమేమి? మొన్న సెలవులలో మాస్టారి ఇంటికి వెళ్ళి ఈ కథ అంతయు చెప్పినాను. ఆయన ఓపికగా విని, "అయితే నడిస్తే గుజ్జు తిరిగి వస్తుందా?" అని అడిగినారు.

"రాదండీ" అన్నాను. "కాని మాస్టారూ, ఇరుసుకు తనపై పడే బరువు తెలియదు. మీ ఎముకకు తెలుస్తుంది. బరువు పడకపోతే అది క్షీణిస్తుంది. కాలు కదలకపోతే కండరాలు సన్నగిల్లుతాయి, అప్పుడు కీలు మీద దెబ్బ ఇంకా ఎక్కువవుతుంది. మృదులాస్థికి తిండి కూడ కదలికవల్లనే బాగా అందుతుంది."

కీళ్ళ వ్యాధికి వివిధ దేశాల వైద్య సంఘాలు ఇచ్చిన సలహాలలో తగిన వ్యాయామము మొదటి వరుసలోనే ఉన్నది. తొడ కండరాలను బలపరచే వ్యాయామము, సమతలము మీద నడక అందులో చేరినవి. శరీరపు బరువు తగ్గించుకొనుట రెండవది. 2005లో ప్రకటించిన కొలతల ప్రకారము ఒక కిలో బరువు తగ్గితే, వేసే ప్రతి అడుగులోను మోకాలిపై పడే భారము సుమారు నాలుగు కిలోలు తగ్గును. ఏ వ్యాయామము, ఎంతసేపు అన్నది రోగిని చూచిన వైద్యుడే నిర్ణయింపవలెను. కీలు వాచి, ఎర్రబడి, వేడెక్కినప్పుడు మొండిగా నడవడమును మంచిది కాదు.

మాస్టారు కొంతసేపు ఊరకుండి, "అంటే నేను లెక్క సరిగానే చేసినాను; ఇచ్చిన విలువే తప్పు" అన్నారు. వైద్యుని అడిగి, మరునాటి ఉదయము వీధి చివరి వేపచెట్టు దాక నడిచి వచ్చినారని తరువాత తెలిసినది. నొప్పి పోలేదు. కాని నడవడానికి భయపడుట లేదని చెప్పినారు.

మన పాఠ్యపుస్తకాలలో అస్థిపంజరమును శరీరమునకు చట్రమని వర్ణింతురు. ఆ మాట తప్పు కాదు గాని చాలదు. తరగతిలో ఎముకను గూర్చి చెప్పేటప్పుడు, అది బరువును గుర్తించి, ఇరుగుపొరుగు కణాలకు కబురు పంపే సజీవ కణజాలమని ఉపాధ్యాయులు ఒక్క వాక్యము చేర్చితే చాలు. ఆ విద్యార్థి ఇంటికి వెళ్ళి, అరిగిపోయినదని మూల కూర్చున్న అమ్మమ్మకు ఆ వాక్యము చెప్పగలడు.